రికవరీ కోసం కొట్టడం ఆపించండి: రెండు తెలుగు రాష్ట్రాల హోం మంత్రులకు, డీజీపీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో హోం శాఖ బాధ్యతలు చూస్తున్న గౌరవ మంత్రులకు, గౌరవ డీజీపీలకు,

నమస్కారం. నేను జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని. దొంగతనం కేసుల్లో అనుమానం మీద స్టేషన్‌కు తీసుకెళ్లిన పేదల తరఫునే ఎక్కువగా హాజరవుతాను. ఈ లేఖలోని విషయం మీద మొదట అర్జీ పెట్టాను. తర్వాత సమాచార హక్కు చట్టం కింద అడిగాను. ఆ తర్వాత పై అధికారులకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. దేనికీ సరైన జవాబు రాలేదు కాబట్టి అందరూ చదివేలా రాయాల్సి వచ్చింది.

చోరీ సొత్తు రికవరీ కోసం మనుషుల్ని కొట్టే అలవాటు మన స్టేషన్లలో ఇంకా ఉంది. దాన్ని ఆపడానికి కావాల్సిన చట్టాలు, సుప్రీంకోర్టు తీర్పులు చాలావరకు చేతిలోనే ఉన్నాయి. ఇక కావాల్సింది అమలు, అది మీ సంతకంతో మొదలవుతుంది.

ఈ అలవాటు వేళ్లు ఈస్టిండియా కంపెనీ కాలపు మద్రాసులో ఉన్నాయి. అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ అనే ఆనాటి పెద్ద రాష్ట్రంలోవే. పాత సంగతిని కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే అప్పుడు రోగం దొరికింది, మందు మాత్రం సగమే వేశారు.

మద్రాసు పట్నంలో మొదట్లో కావలి బాధ్యత పెద్దనాయకుడిది. చెన్నైలో ఇప్పటికీ ఆయన పేరు మీద పేట ఉంది. సరుకుల మీద కొంత రుసుము ఆయనకు దక్కేది. దానికి బదులుగా పట్నంలో ఎవరి సొమ్మైనా పోతే పట్టివ్వాలి, పట్టివ్వలేకపోతే నష్టం తనే కట్టుకోవాలి. సొమ్ముకు పూచీ పడ్డ మనిషి మొదట వెతికేది సొమ్మునే. దొంగ ఎవరు, ఎందుకు తీశాడు, నిజంగా తీశాడా అన్న ప్రశ్నలు ఆ తర్వాతే వస్తాయి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆ పదవి పోయి పట్నం పోలీసు మెజిస్ట్రేట్ల కిందికి వచ్చింది. పట్నం బయట, 1816 రెగ్యులేషన్ల తర్వాత, జిల్లాల్లో పోలీసు అధికారం శిస్తు వసూలు చేసే తహసీల్దార్ల చేతికి వెళ్లింది. అంటే పొద్దున శిస్తు కోసం రైతు గుమ్మంలో నిలబడ్డ డవాలి బంట్రోతే సాయంత్రం దొంగను పట్టేవాడు. రెండు పనులకూ అతనికి తెలిసిన పద్ధతి ఒక్కటే.

దీన్ని బయటపెట్టడానికి పోరాడింది మద్రాసులో ఉన్న తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. 1844లో ‘క్రెసెంట్’ పత్రిక నడిపారు. 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టి బ్రిటిష్ పార్లమెంటుకు మహజరు (విన్నపం) పంపారు. శిస్తు వసూలుకు మనుషుల్ని హింసిస్తున్నారన్నది అందులో పెద్ద ఫిర్యాదు. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ 1853లో ఇక్కడికి వస్తే లక్ష్మీనరసు ఆయన్ను వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పి చూపించారు. 1854లో కామన్స్ సభలో చర్చ జరిగింది. అంతవరకూ అలాంటిదేమీ లేదంటూ వచ్చిన ప్రభుత్వం చివరికి ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అనే ముగ్గురితో కమిషన్ వేసింది. వీళ్లలో ఇలియట్ మద్రాసు పట్నం పోలీసుకు పెద్ద. నార్టన్ బారిస్టరు.

స్వయంగా వచ్చినవాళ్లు, ఉత్తరాలు రాసినవాళ్లు కలిపి 1,959 మంది ఫిర్యాదు చేశారు. రైళ్లు లేని రోజుల్లో, తిరిగి ఊరికి వెళ్తే అదే బంట్రోతు ఎదురుపడతాడని తెలిసి కూడా వచ్చారు. 1855లో వచ్చిన నివేదికలో హింస పద్ధతులు పేరుపేరునా ఉన్నాయి. కిట్టి అంటే రెండు కర్రబద్దల మధ్య వేళ్లు పెట్టి ఓర్చుకోలేనంత దాకా నొక్కడం. ఇంకొకటి మనిషిని ముందుకు వంచి, మెడకూ కాలి బొటనవేలికీ తాడు బిగించి ఎండలో అలాగే ఉంచడం, పైగా వీపు మీద రాయి పెట్టడం. కళ్లలో కారం, చెవులు మెలిపెట్టడం, తిండీ నిద్రా లేకుండా చేయడం. ఇవన్నీ శిస్తుకే పరిమితం కాలేదని, నేరం ఒప్పించడానికీ పోయిన సొత్తు ఎక్కడుందో చెప్పించడానికీ పోలీసు పనిలో కూడా వాడుతున్నారని కమిషన్ తేల్చింది. దెబ్బలు తిన్నవాడికి న్యాయం దొరకడం ఎంత కష్టమో కూడా రాసింది. ఫిర్యాదు ఎవరి మీదో, దాన్ని విచారించేదీ వాళ్ల మనుషులే.

అదే నివేదిక ఒక పెద్ద తప్పు చేసింది. తెల్ల అధికారులకు ఏ పాపమూ అంటదని, జనం బాధంతా కింది స్థాయి దేశీ ఉద్యోగుల వల్లనే అని చెప్పి పైవాళ్లను వదిలేసింది. వసూలు లెక్క అడిగిందెవరు? బాకీ పడితే తహసీల్దార్‌ను నిలదీసిందెవరు? ఆ ప్రశ్నల జోలికి పోలేదు. ఇవాళ లాకప్‌లో మనిషి చనిపోతే ఇద్దరు కానిస్టేబుళ్లను, ఒక ఎస్సైని సస్పెండ్ చేసి ఫైలు మూసేసే పద్ధతి నాకు అక్కడే కనిపిస్తుంది.

నివేదిక తర్వాత మార్పులు త్వరగానే వచ్చాయి. 1856 చట్టంతో కలకత్తా, బొంబాయి, మద్రాసు పట్నాలకు పోలీసు కమిషనర్లు వచ్చారు. 1859 చట్టంతో జిల్లాల పోలీసును రెవెన్యూ నుంచి విడదీసి, విలియం రాబిన్సన్ కింద కొత్త దళం కట్టారు. 1861 ఇండియన్ పోలీస్ చట్టానికి మద్రాసు అనుభవం ఒక ఆధారం. డీజీపీ గారూ, ఆ 1859 చట్టమే ‘ఆంధ్ర ఏరియా డిస్ట్రిక్ట్ పోలీస్ యాక్ట్’ పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో నిలిచి ఉంది.

1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదన్నారు. 1872 ఎవిడెన్స్ యాక్ట్‌లో 25, 26 సెక్షన్లుగా అది స్థిరపడింది. కానీ పక్కనే 27వ సెక్షన్ పెట్టారు. నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ వస్తువుకు సంబంధించినంత మేరకు ఆ మాట చెల్లుతుంది. కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో కూడా 23వ సెక్షన్‌కు మినహాయింపుగా ఇది అలాగే ఉంది. కొట్టి చెప్పించిన ఒప్పుకోలుకు తలుపు మూసి, కొట్టి దొరికించిన సొత్తుకు కిటికీ తెరిచిపెట్టినట్టయింది. నా ప్రాక్టీసులో చూసిన ప్రతి చోరీ కేసు ఆ దారిలోనే నడుస్తుంది: ఒప్పుకోలు పంచనామా, దాని వెంటే రికవరీ, మధ్యవర్తుల సంతకాలు. తర్వాత ప్రెస్ మీట్. టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి నగలు వరసగా పెడతారు, వెనక ముసుగులేసిన మనుషుల్ని నిలబెడతారు. ఆ నగలు ఎలా దొరికాయని అడిగే విలేకరి అరుదు.

ఇక నన్ను ఈ లేఖ దాకా తెచ్చిన కేసు. ఒక అపార్ట్‌మెంట్‌లో నగలు పోయాయని ఇంటివాళ్లు ఫిర్యాదు చేశారు. ఇంట్లో పనిచేసే ఆవిడను “రెండు మాటలు అడిగి పంపిస్తాం” అని మధ్యాహ్నం పిలిపించారు. రాత్రయినా పంపలేదు. వెతుక్కుంటూ వెళ్లిన భర్తను కూడా లోపలే కూర్చోబెట్టారు. మర్నాడు నేను వెళ్లి అడిగితే జనరల్ డైరీలో, అంటే స్టేషన్ రోజువారీ రికార్డులో, ఇద్దరి పేర్లూ లేవు. అసలు అలాంటి వాళ్లెవరూ రాలేదన్నారు. సాయంత్రం వదిలేశారు. అరికాళ్లు వాచిపోయి చెప్పులు పట్టక, ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని గోడ ఆసరాతో మెట్లు దిగింది. ప్రభుత్వాసుపత్రిలో చూపిద్దామంటే వద్దని దండం పెట్టింది. నగలు కొన్నాళ్లకు ఆ ఇంటివాళ్ల బ్యాంకు లాకర్‌లోనే దొరికాయి. పెళ్లికి ఊరెళ్తూ పెట్టి మర్చిపోయారట. స్టేషన్‌లో ఆ రెండు రోజుల సీసీ కెమెరా ఫుటేజీ ఇవ్వమని అడిగితే “సాంకేతిక లోపం వల్ల రికార్డు కాలేదు” అని ఒక్క లైను వచ్చింది. స్టేషన్ పేరు ఇక్కడ రాయను. ఆమె ఆ పరిధిలోనే బతకాలి.

ఇలాంటివాటి వల్ల మామూలు జనానికి ఏమవుతోందో మీ దృష్టికి తెస్తున్నాను.

1. పని పోతుంది. స్టేషన్‌కు వెళ్లొచ్చిందన్న మాట లిఫ్టులో పైకీ కిందికీ తిరిగేసరికి ఆమెకు ఆ అపార్ట్‌మెంట్‌లో ఉన్న ఇళ్లన్నీ పోయాయి. నగలు దొరికాక ఒక్కరు కూడా తిరిగి పిలవలేదు. ఆమె తప్పు లేదని చెప్పే కాగితం ఇవ్వమని స్టేషన్‌లో అడిగాను. పేరే రాయని మనిషికి కాగితం ఏమిస్తామన్నారు. రికార్డులో పేరు లేకపోవడం పోలీసులకు రక్షణ అయింది, ఆమెకు శాపమైంది.

2. అసలు దొంగ దొరకడు. దెబ్బలకు ఓర్చుకోలేనివాడు ఏదో ఒక పేరు చెబుతాడు, ఏదో ఒక చోటు చూపిస్తాడు. అప్పు చేసి, ఇంట్లో ఉన్న పుస్తెలు కరిగించి “రికవరీ” కింద ఇచ్చి మనిషిని విడిపించుకున్నామని చెప్పిన కుటుంబాలు నా దగ్గరికి వచ్చాయి. లెక్కలో కేసు ఛేదించినట్టే ఉంటుంది. దొంగ మాత్రం పక్క కాలనీకి వెళ్తాడు.

3. కొన్ని కులాలవాళ్లను పుట్టుకతోనే అనుమానిస్తారు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాక ఎరుకలవాళ్లు, యానాదులు వంటి వారిని జాబితాల్లో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, హాజరు వేయించారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంట్ అలా పుట్టిందే. వాళ్ల కోసం వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా పోరాడారు. మన అనంతశయనం అయ్యంగారు అధ్యక్షుడిగా ఉన్న కమిటీ ఆ చట్టాన్ని తీసేయమని సిఫారసు చేసింది. 1952లో అది దేశమంతటా రద్దయింది. అయినా ఎక్కడ దొంగతనం జరిగినా మొదటి జీపు ఆ గుడిసెల వైపే పోతుంది. అలా ఆ చట్టం నుంచి బయటపడ్డ విముక్త జాతుల వారిని ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని 2024 అక్టోబరులో సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు పోలీసులకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

4. ఆకలిని నేరంగా లెక్కేస్తారు. 1876–78 ధాత కరువులో ప్రెసిడెన్సీ అంతటా దోపిడీలు పెరిగాయి, జైళ్లు కిక్కిరిశాయి. గింజల ధర పెరిగితే దొంగతనాలు పెరుగుతాయని ఆ కాలపు పోలీసు నివేదికలు చదివిన ఎవరికైనా తెలుస్తుంది. దానికి జవాబుగా చేసింది మాత్రం అనుమానితుల జాబితా పెంచడం. పని దొరక్క నగరానికి వలస వచ్చి ఫ్లైఓవర్ కింద పడుకునే కూలీని రాత్రి గస్తీలో పట్టుకుని పెట్టీ కేసు రాయడం ఇప్పటికీ అలాగే సాగుతోంది.

5. కింది స్థాయి పోలీసు కూడా నలిగిపోతాడు. వారాంతపు సెలవు దొరకని కానిస్టేబుల్, నెలనెలా క్రైం రివ్యూ మీటింగ్‌లో “రికవరీ ఎంత?” అని నిలబెట్టి అడిగించుకునే ఎస్సై, వీళ్ల టెన్షన్ చివరికి ఎవరి ఒంటి మీద పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అంకెల కోసం పనిచేసే పోలీసు గురించి 1902–03లో పోలీసు శాఖ మీద వేసిన ఫ్రేజర్ కమిషన్ కూడా హెచ్చరించింది.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. ఒక్కటీ కొత్తగా కనిపెట్టింది కాదు.

1. సీసీ కెమెరాలు. 2020 డిసెంబరు 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో లాకప్పులు, వరండాలు, ఇన్‌స్పెక్టర్ గది, రాకపోకల దారులతో సహా అన్నిచోట్లా రాత్రి కూడా కనిపించే, మాట కూడా వినిపించే కెమెరాలు పెట్టాలంది. ఫుటేజీ 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది దాచాలంది. కెమెరా పనిచేస్తోందా లేదా అన్న బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసర్‌దే అంది. దెబ్బలు తిన్నవాళ్లకు ఫుటేజీని భద్రపరచమని కోరే హక్కు ఉందంది. ఇవి సరిగ్గా అమలు కావడం లేదని 2025 సెప్టెంబరులో కోర్టు తనంతట తానే మళ్లీ కేసు తీసుకుంది. ప్రతి స్టేషన్‌లో ఏ కెమెరా ఏ తేదీ నుంచి పనిచేయడం లేదో నెలనెలా మీ వెబ్‌సైట్లలో పెట్టండి. మనిషి స్టేషన్‌లో ఉన్న సమయానికి ఫుటేజీ లేకపోతే దానికి జవాబు చెప్పాల్సిన భారం పోలీసుల మీదే ఉంటుందని సర్క్యులర్ ఇవ్వండి. మిగతావన్నీ ఆలస్యమైనా ఇది మాత్రం ఈ నెలలోనే కావాలి.

2. రికవరీ శాతాన్ని బట్టి అధికారుల పనితీరు కొలవడం మానండి. దాని బదులు ఎన్ని ఫిర్యాదులకు ఎఫ్‌ఐఆర్ కట్టారు, వేలిముద్రలు, ఇతర సాక్ష్యాలు ఎన్ని కేసుల్లో సేకరించారు, ఎన్ని కేసులు కోర్టులో నిలబడ్డాయి అన్నవి అడగండి.

3. సోదా, స్వాధీనాల వీడియో తీయాలని, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. రికవరీ పంచనామాలన్నిటికీ దీన్ని తప్పకుండా పాటించండి. వీడియో లేని రికవరీని చార్జిషీటులో పెట్టే ముందు డీఎస్పీ కారణం రాసి సంతకం చేయాలి.

4. సాక్షిగా ప్రశ్నించాల్సిన స్త్రీని ఆమె ఇంటి దగ్గరే ప్రశ్నించాలి, స్టేషన్‌కు రమ్మనకూడదు. సంహిత 179వ సెక్షన్ ఇదే చెబుతోంది. ఇళ్లలో పనిచేసే మహిళల విషయంలో దీన్ని ప్రత్యేకంగా గుర్తుచేస్తూ అన్ని స్టేషన్లకు మెమో పంపండి. “రెండు మాటలు అడిగి పంపిస్తాం” అన్న పిలుపు ఫోన్‌లో వచ్చినా సరే, డైరీలో ఎక్కాలి.

5. పోలీసు ఫిర్యాదుల అథారిటీలు రాష్ట్ర స్థాయిలోనూ, జిల్లా స్థాయిలోనూ ఉండాలని 2006లో సుప్రీంకోర్టు ప్రకాశ్ సింగ్ కేసు తీర్పులో ఆదేశించింది. వాటికి ప్రతి జిల్లాలో జనం నడిచి వెళ్లగలిగే ఆఫీసు, తీసే ఫోను, పోలీసు శాఖకు చెందని దర్యాప్తు సిబ్బంది ఇవ్వండి. ఏడాదికి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఏం తేలిందో అచ్చు వేయండి. విచారణలో కొట్టారని తేలితే, ఆ రోజు పర్యవేక్షించిన అధికారి పాత్రను కూడా రాయాలి.

6. ఐక్యరాజ్యసమితి హింస వ్యతిరేక ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం చేసింది, ఇంతవరకు ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన బిల్లు చట్టం కాకుండానే పోయింది. 2017లో లా కమిషన్ 273వ నివేదికలో కొత్త బిల్లు ముసాయిదా ఇచ్చింది. రెండు శాసనసభలూ తీర్మానం చేసి కేంద్రాన్ని అడగాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈలోగా 1859 నాటి చట్టం స్థానంలో కొత్త పోలీసు చట్టం తేవాలి.

7. 1855 నివేదికను తెలుగులోకి తెప్పించి ఎస్సై, డీఎస్పీ శిక్షణలో పాఠంగా పెట్టండి. శిక్షణలో ఉన్నవాళ్లకు చట్టం సెక్షన్లు బాగానే చెబుతున్నారు. పోలీసు ముందు ఒప్పుకోలు చెల్లదన్న సెక్షన్ ఎవరి వేళ్లు నలిగితే వచ్చిందో కూడా వాళ్లు తెలుసుకోవాలి.

ఈ లేఖ ప్రతులను రెండు రాష్ట్రాల మానవ హక్కుల కమిషన్లకు, హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీలకు కూడా పంపుతున్నాను. మొదటి డిమాండ్ మీద ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే, స్టేషన్ల వారీగా కెమెరాల లెక్క కోసం హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేస్తాం. తమ పేరు బయటపెట్టకుండా వివరాలు ఇవ్వడానికి ఒప్పుకున్న కుటుంబాల వాంగ్మూలాలు సీల్డ్ కవర్లో కోర్టుకు ఇస్తాం. ఆ అవసరం రాకుండా చూడమని కోరుతూ,

ఒక న్యాయవాది